మోకాలి కోసం ప్రార్థన మనవి

ఎలాడియో బరగాన్ టొరంటో శివారు ఎటోబికోలోని ఆ క్లినిక్‌కి ఎప్పుడూ వెనక తలుపు నుంచే వచ్చేవాడు. చెత్త డబ్బాల పక్కన కారు ఆపి, టోపీ కళ్ళమీదికి లాక్కుని, దొంగలా లోపలికి దూరేవాడు. మెక్సికోలో అతని బొమ్మ బస్సుల మీదా బిస్కెట్ ప్యాకెట్ల మీదా ఉండేదట. అంతటి ఫుట్‌బాల్ ఆటగాడు చెత్త డబ్బాలు దాటుకుంటూ రావడం చూసి మొదటిరోజు క్రిస్టోకి నవ్వొచ్చింది. కారణం తెలిశాక ఆ నవ్వు పోయింది.

కారణం కుడి మోకాలు. లోపల గుజ్జు అరిగిపోయి ఎముకతో ఎముక రాసుకుంటోంది. అతను ఆడుతున్న టొరంటో జట్టు డాక్టర్లకి చిన్న బెణుకని చెప్పుకున్నాడు. మెక్సికో జాతీయ జట్టు కోచ్‌కి ఆ మాత్రం కూడా చెప్పలేదు. అసలు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: బరగాన్, క్లినిక్ యజమాని డాక్టర్ విశ్వేశ్వరరావు గారు, ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరిన క్రిస్టో. త్వరలోనే ప్రపంచకప్‌కి వెళ్ళే జట్టును ప్రకటిస్తారు. అందాకా ఆ మోకాలు నోరు మూసుకుని ఉండాలి.

క్రిస్టోది నరసాపురం. విజయవాడలో ఫిజియోథెరపీ డిగ్రీ చేసి, అక్కడే ఒక ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి, స్టడీ పర్మిట్ మీద వచ్చాడు. ఆ రోజుల్లో సందు చివర టీకొట్టుకి వెళ్ళినంత తేలిగ్గా అందరూ కెనడా వెళ్ళిపోతున్నారు. మిస్సిసాగాలో ఒక కాలేజీలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ అనే డిప్లొమాలో చేరాడు. అందులో ఏం నేర్పుతారో చేరినవాళ్ళకీ తెలియదు, నేర్పేవాళ్ళకీ తెలియదు. ఇక్కడి లైసెన్సు పరీక్షలు గట్టెక్కేదాకా పేషెంటు ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అందుకని ఐస్ ప్యాకులు పెట్టడం, బల్లలు తుడవడం, తువ్వాళ్ళు మడతపెట్టడం అతని పని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'క్లినిక్‌లో చేస్తున్నా' అనేవాడు. అందులో అబద్ధం ఏముంది?

డాక్టరు గారు ఇంజెక్షన్ చేసి వెళ్ళిపోయాక బరగాన్ మోకాలికి ఐస్ చుట్టి కూర్చోబెట్టేది క్రిస్టోయే. చల్లదనం బాగా పట్టేదాకా కదలకూడదు. ఆ కాసేపూ బరగాన్ కబుర్లు చెప్పేవాడు. అతని ఇంగ్లీషూ అంతంతమాత్రమే, క్రిస్టో ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

"నీ పేరు నిజంగా క్రిస్టోయేనా?" అన్నాడు మొదటిరోజే. "మా భాషలో క్రిస్టో అంటే ఏసుక్రీస్తే. అయితే నా మోకాలు మంచి చేతుల్లోనే పడింది."

బరగాన్‌ది పసిఫిక్ ఒడ్డున రొయ్యలు పట్టే ఊరు. వాళ్ళ నాన్న రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేశాడట. క్రిస్టో వాళ్ళమ్మ కూడా పెళ్ళికి ముందు భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళి తలలు తీసేది. ఆ సంగతి చెప్పగానే బరగాన్ పకపకా నవ్వి, "ఎంత కడిగినా చేతుల వాసన పోదు కదూ?" అన్నాడు. ఆ ఒక్కమాటతో క్రిస్టోకి ఆయన అయినవాడైపోయాడు.

పంతొమ్మిదేళ్ళకి అతన్ని హాలెండ్ తీసుకుపోయారట. ఆ చలికి, ముక్క అర్థంకాని ఆ భాషకి, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడట, పక్కగదిలోవాళ్ళకి వినబడకుండా. అక్కడ ఆడిందానికన్నా బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. తర్వాత పోర్చుగల్‌లో గోల్స్ పడడం మొదలైంది. ఆపైన స్పెయిన్. అక్కడ కప్పు ఫైనల్లో తలతో కొట్టిన గోలుకి ఆ ఊరి బేకరీవాడు ఒక రొట్టెకి అతని పేరు పెట్టాడు. ఇప్పటికీ జనం ఆ రొట్టె పేరెత్తి కొనుక్కుంటారట.

"పోయిన ప్రతి దేశంలోనూ చప్పట్లు కొట్టారు," అన్నాడు బరగాన్ ఒకరోజు. "నా దేశంలో తప్ప."

ఎందుకంటే, ఇంతకుముందు ఒక ప్రపంచకప్‌లో గెలవాల్సిన మ్యాచ్‌లో ఆఖరి పెనాల్టీ తన్నింది అతనే. బంతి గోలు మీదుగా ఆకాశంలోకి పోయింది. మెక్సికో జట్టు ఇంటికి పోయింది. స్పెయిన్‌లో కొట్టిన గోల్సన్నీ గంగలో కలిశాయి. జనానికి ఆ ఒక్క తన్నే గుర్తుంది. ఊళ్ళో కూరగాయలమ్మే మనిషి అతని తల్లిని పట్టుకుని, 'నీ కొడుకు కాలు విరిగిపోనూ' అని శాపనార్థాలు పెట్టిందట. ఆవిడ ఆనాటినుంచి బజారుకి వెళ్ళడం మానేసింది.

"ముప్ఫై అయిదేళ్ళొచ్చాయి నాకు. ఇంకా ఆడుతున్నానని మా కోచ్ కంటపడడానికే ఈ చలిదేశం వచ్చాను. ఇంకొక్క ప్రపంచకప్. పది నిమిషాలు దింపినా చాలు. మా అమ్మ తలెత్తుకుని బజారుకెళ్ళి టమాటాలు కొనుక్కోవాలి."

క్రిస్టో ఐస్ ప్యాకు సర్దాడు. "తప్పకుండా ఆడతారు సార్," అన్నాడు.

"ఈ మోకాలి సంగతి ఎవ్వరికీ చెప్పకు."

"చచ్చినా చెప్పను సార్."

చావక్కర్లేకుండానే చెప్పాడు.

క్రిస్టో ఉండేది మిస్సిసాగాలో రూపవతి ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో, మరికొందరు కుర్రాళ్ళతో. ఆవిడది కాకినాడ. హామిల్టన్‌లో ఆసుపత్రి నర్సు. ఆవిడ చేతికి ఎముక లేదు, నాలుకకీ లేదు. దిక్కులేక దిగిన స్టూడెంట్లకి పరుపులిచ్చి అన్నం పెట్టింది ఆవిడే. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ళ హాల్లో తెలుగు సంఘం ప్రార్థన కూటం జరుగుతుంది. పాటలు, వాక్యం, సాక్ష్యాలు అయ్యాక ఆఖర్న ప్రార్థన మనవులు. గుండ్రంగా కూర్చున్నవాళ్ళు వరసగా తమ మనవి చెప్పాలి. చెప్పినవన్నీ ఆంటీ అక్కడికక్కడే ఫోన్లో టైపు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. తెలుగు చదవడం రాని పిల్లల కోసం ఆవిడ కూతురు షెర్లీ వాటిని ఇంగ్లీషులోకి మార్చి యూత్ గ్రూపులో పెడుతుంది. అక్కణ్ణుంచి 'దయచేసి మీ సంఘాల్లో కూడా ప్రార్థించండి' అంటూ డాలస్‌కీ సిడ్నీకీ రాజమండ్రికీ పోతాయి. ఎవరి కిడ్నీలో రాళ్ళున్నాయో, ఎవరి అల్లుడు తాగుతున్నాడో మూడు ఖండాల విశ్వాసులకీ తెలిసిపోతుంది. దాన్ని చాడీ అనడానికి ఎవరికీ నోరు రాదు. ప్రార్థనే కదా!

ఆ శనివారం ఆరన్ సాక్ష్యం చెప్పాడు. ఆరన్ క్రిస్టోతో పాటు అదే విమానంలో దిగినవాడు, అదే బేస్‌మెంట్‌లో పక్క పరుపు. దేవుడు తనకి బ్యాంకులో పర్మనెంట్ జాబ్ ఇచ్చాడని చెప్పి గొంతు తడబడి ఆగాడు. అందరూ స్తోత్రం అన్నారు. రూపవతి ఆంటీ కళ్ళు తుడుచుకుని, ఆ తడి కళ్ళతోనే క్రిస్టో వైపు తిరిగింది.

"నీకూ ఏదో ఒక డోర్ ఓపెన్ చేస్తాడు బాబూ ప్రభువు. ఎన్నాళ్ళని అలా తువ్వాళ్ళు మడతపెడతావు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మనసులో జాలి తప్ప ఏమీ లేదు, అదే మరీ కష్టంగా ఉంది. క్రిస్టోకి తల కొట్టేసినట్టయింది. కాసేపటికి వరసలో అతని వంతు వచ్చింది. వారం వారం చెప్పే 'జాబ్ కోసం అండి' అన్నమాట నోటిదాకా వచ్చి ఆగింది.

"ఒక పేషెంటు కోసం ప్రార్థన చెయ్యాలండి," అన్నాడు.

"పేరు చెప్పు బాబూ. పేరెత్తి ప్రార్థిస్తేనే బావుంటది."

"ఎలాడియో బరగాన్ అండి. ఫుట్‌బాల్ ప్లేయర్."

ఫోన్లో తలదూర్చి కూర్చున్న షెర్లీ చటుక్కున తలెత్తింది. "వెయిట్, ద బరగాన్? యూ నో హిమ్?"

"నేనే ట్రీట్ చేస్తున్నా," అన్నాడు క్రిస్టో.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో! హాలంతా అతనివైపు తిరిగింది. విమానం దిగిన తర్వాత ఎవరూ అతన్ని అలా చూడలేదు. బ్యాంకు జాబ్ ఆరన్ కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంక నోట్లో నువ్వుగింజ నానలేదు. గుజ్జు అరిగిపోయిందని చెప్పాడు. ఇంజెక్షన్ల మీద ఆడుతున్నాడని చెప్పాడు. జట్టుకి తెలియదనీ, తెలిస్తే ప్రపంచకప్ పోతుందనీ చెప్పాడు.

"కాబట్టి బయటికి పోకూడదండి ఇది. కాన్ఫిడెన్షియల్‌గా ప్రార్థించండి."

"అయ్యో, తప్పకుండా," అంది రూపవతి ఆంటీ, టైపు చేస్తూనే.

ఆవిడ వేళ్ళు ఆడుతుండడం క్రిస్టోకి కనబడుతూనే ఉంది. 'గ్రూపులో పెట్టకండి ఆంటీ' అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. అంటే తను చెప్పిన సంగతి చిన్నబోతుందనిపించింది. తర్వాత భోజనాల దగ్గర కోడి పలావులో లెగ్ పీసు ఏరి మరీ అతని పళ్ళెంలో వేశారు. అది చాలా రుచిగా ఉంది.

షెర్లీ ఇంగ్లీషు చక్కగా ఉంటుంది. యూత్ గ్రూపులో సాకర్ పిచ్చి ఉన్నవాడెవడో దాన్ని ఉన్నదున్నట్టు తన పేజీలో పెట్టాడు, 'బరగాన్ కోసం ప్రార్థించండి' అని, మంచి మనసుతోనే. ఆ వారం సగం తిరక్కముందే అది మెక్సికో పత్రికలవాళ్ళ చేతిలో పడింది. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా? టీవీలో మోకాలి బొమ్మ గీసి, కర్ర పెట్టి చూపిస్తూ చర్చలు చేశారు. పాత పెనాల్టీని మళ్ళీ మళ్ళీ వేశారు. కుంటికాలితో దేశాన్ని మోసం చెయ్యబోయాడన్నారు. టొరంటో జట్టు స్కానింగ్ చేయించింది. ప్రపంచకప్ జట్టును ప్రకటించారు. అందులో బరగాన్ పేరు లేదు.

ఆ మర్నాడు విశ్వేశ్వరరావు గారు క్రిస్టోని తన గదిలోకి పిలిచారు. తెనాలి మనిషి, నలభై ఏళ్ళుగా ఈ దేశంలో వైద్యం చేస్తున్నారు. కూర్చోమనలేదు. ఫోను బల్లమీద పెట్టి, "చదువు," అన్నారు.

క్రిస్టో చదివాడు. మన సంఘంలోని ఒక సహోదరుడు ఆయనకు వైద్యం చేస్తున్నాడు, దేవుడు ఆ సహోదరుని చేతులను వాడుకోవాలని కూడా ప్రార్థించండి, అని ఉంది ఇంగ్లీషులో.

"ఎవరయ్యా ఈ సహోదరుడు? నాకు తెలీకుండా నా క్లినిక్‌లో వైద్యం చేస్తున్నది?"

క్రిస్టో ఫోను తిరిగి బల్లమీద పెట్టాడు.

"ఇది నా కంటబడేవరకూ అందర్నీ అనుమానించానయ్యా. ఫైలు చూసిందేమోనని రిసెప్షన్‌లో అమ్మాయిని నిలదీస్తే పాపం ఏడ్చింది. నిన్నొక్కణ్ణి మాత్రం అడగలేదు. ఎందుకో తెలుసా? మనవాడివి కదా అని."

"ప్రార్థన కోసమే చెప్పానండీ..."

"ప్రార్థనకి గుజ్జు సంగతెందుకు? ఇంజెక్షన్ల సంగతెందుకు? దేవుడికి మెడికల్ రిపోర్టు చూపిస్తేగానీ పని చెయ్యడా?"

భూమి బద్దలై లోపలికి లాక్కుంటే బావుణ్ణనిపించింది క్రిస్టోకి. టొరంటోలో భూమి కూడా గట్టిది, బద్దలవలేదు.

"ఇవాళ్టితో నీ పని ఆఖరు," అన్నారు డాక్టరు గారు. "కానీ ఆయన వచ్చి కూర్చున్నాడు. నువ్వే అని నేను చెప్పాను. అయినా నిన్నే పంపమన్నాడు. వెళ్ళి ఐస్ పెట్టి, ఆ మొహం చూపించి, అప్పుడు పో."

బరగాన్ ఆవేళ ముందు తలుపు నుంచి వచ్చాడు. దాచుకోవడానికి ఇంకేముంది? టోపీ కూడా పెట్టుకోలేదు. క్రిస్టో మోకాలికి ఐస్ చుడుతుంటే పట్టీ రెండుసార్లు జారిపోయింది.

"నేనే చెప్పాను సార్. తప్పయిపోయింది."

"మా అమ్మ ఫోన్ చేసింది," అన్నాడు బరగాన్. "ఈమధ్య నా పేరు మళ్ళీ పేపర్లో వస్తోందని బజారుకి వెళ్ళడం మొదలుపెట్టింది. మళ్ళీ మానేసింది."

క్రిస్టో ఏడ్చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఏడుపు ఎవరికి కావాలి? బరగాన్ ఓదార్చలేదు.

"ఆ పోస్టు కింద జనం రాసినవన్నీ చదివాను," అన్నాడు చివరికి. "అన్నీ తిట్లే. కానీ అడుక్కి వెళ్ళి చూస్తే, మావాళ్ళ కంటబడకముందు రాసినవి, అన్నీ దండం పెట్టే చేతులే. నేనెన్నడూ వినని పేర్లు. మీవాళ్ళు. నాతో గోల్ కొట్టించమని దేవుణ్ణి అడిగినవాళ్ళున్నారు, కప్పు తెప్పించమని అడిగినవాళ్ళున్నారు. నా మోకాలి నొప్పి తగ్గించమని ఎవరూ అడగలేదు. అందుకే నిన్ను రమ్మన్నాను. నువ్వేమని అడిగావు? మీ భాషలోనే చెప్పు. నాకు అర్థం కాకపోయినా సరే, వింటాను."

క్రిస్టోకి ఆ కూటం గుర్తొచ్చింది. ఆ శనివారం హాల్లో అందరూ కళ్ళు మూసుకుని, రూపవతి ఆంటీ బరగాన్ పేరెత్తి కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే, తను ఒక కన్ను కొద్దిగా తెరిచి, ఎవరెవరు తనవైపు చూస్తున్నారో చూశాడు. ఆ తర్వాత ఆ మోకాలి గురించి దేవుడితో ఒక్కసారి కూడా, ఒక్కమాట కూడా అనలేదు. పరాయివాళ్ళందరూ అడిగారు. తను అడగలేదు. ఇప్పటిదాకా పడ్డ సిగ్గంతా దీని ముందు సిగ్గే కాదు.

"నేను... చెయ్యలేదు సార్."

కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బావుణ్ణనుకున్నాడు. బరగాన్ మోకాలి మీది పట్టీ సర్దుకున్నాడు.

"నేనూ చెయ్యలేదు," అన్నాడు. "ఆ పెనాల్టీకి ముందు సిలువ గుర్తు వేసుకున్నాను. టీవీలో అందరూ చూశారు. పెదాలు కూడా కదిలించాను. అది ప్రార్థన కాదు. గోల్ పడ్డాక ఎటువైపు పరిగెత్తితే కెమెరాలకి బాగా కనబడతానో చూసుకుంటున్నాను. బంతిని చూడనే లేదు. గడ్డి మీద కాలు జారిందని చెప్పాను అందరికీ. మా అమ్మకి కూడా."

ఐస్ తనే విప్పేసుకున్నాడు. తువ్వాలు తీసుకుని కాలు తుడుచుకుని, కుంటుతూ లేచాడు. అతను కుంటడం క్రిస్టో చూడడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఈ గదిలో కూడా దాచుకునే నడిచాడన్నమాట.

"ఇది నేనెవ్వరికీ చెప్పలేదు," అన్నాడు తలుపు దగ్గర. "నువ్వూ చెప్పకు."

ఈసారి క్రిస్టో 'చచ్చినా చెప్పను' అనలేదు. తల మాత్రం ఊపాడు. క్షమించానని బరగాన్ కూడా అనలేదు. ముందు తలుపు నుంచే వెళ్ళిపోయాడు.

శనివారం కూటానికి రూపవతి ఆంటీ హాలు కిటకిటలాడింది. తాము ప్రార్థించిన మనిషిని టీవీలో చూశారు మరి. షెర్లీ ఒక్కతే మూల కూర్చుని తలెత్తడం లేదు. సంగతి బయటికి పోయింది తను పెట్టిన ఇంగ్లీషు మనవి వల్లేనని ఆ పిల్లకి అర్థమైంది. పాటలు పాడారు, వాక్యం అయింది. సాక్ష్యాల వేళకి ఆంటీ ఫోను చేతిలోకి తీసుకుని క్రిస్టో వైపు తిరిగింది.

"ఆయన సెలెక్ట్ అవ్వలేదంట కదా బాబూ. దేవుడు ఒక డోర్ మూసేడంటే దాని వెనకాల ఏదో ఉద్దేశం ఉంటది. నువ్వు దగ్గరుండి చూసేవు కదా. ఆయన ఏమన్నాడు, ఎలా తట్టుకున్నాడు, మాకు సాక్ష్యం చెప్పు."

హాలంతా అతనివైపు తిరిగింది, వెనకటిలాగే. క్రిస్టో దగ్గర ఇప్పుడు మొదటిదానికన్నా గొప్ప కథ ఉంది. మెక్సికో పత్రికలకి కూడా తెలియని కథ. చెప్పేసి గొప్ప అనిపించుకోవాలన్న ఆ పాత ఆరాటం మళ్ళీ నాలుక చివరిదాకా వచ్చింది. అది తెలిసి అతనికి భయం వేసింది. ఇంత జరిగినా, ఇంత సిగ్గుపడినా, ఆ దురద చావలేదు.

"నేను ఆయన్ని ట్రీట్ చెయ్యలేదు ఆంటీ," అన్నాడు. "ఆ రోజు అబద్ధం చెప్పేను. నేను ఐస్ పెట్టేవాణ్ణి, తువ్వాళ్ళు మడతపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ పనీ పోయింది. నా నోటివల్లే పోయింది. ఆయనకి ప్రపంచకప్ పోయిందీ నావల్లే."

ఎవరూ స్తోత్రం అనలేదు. రూపవతి ఆంటీ ఫోను వైపు చూసుకుంది, ఏం టైపు చెయ్యాలో తెలియనట్టు.

"మరి ఆయన నిన్నేమీ అనలేదా?" అన్నాడు ఆరన్.

"లేదు," అన్నాడు క్రిస్టో. "ఏమీ అనలేదు."

"సరే బాబూ," అంది ఆంటీ మెల్లగా. "క్రిస్టోకి జాబ్ కోసం అని పెడతాను." ఫోను పక్కన పెట్టేసి ఆవిడే ప్రార్థన మొదలుపెట్టింది. అందరూ తలలు వంచారు.

క్రిస్టో రెండు కళ్ళూ మూసుకున్నాడు. జాబ్ సంగతి దేవుడికి గుర్తుచెయ్యలేదు. అరిగిపోయిన ఒక మోకాలి గురించీ, బజారుకి వెళ్ళడం మానేసిన ఒక ముసలావిడ గురించీ, పక్కన కూర్చున్న ఆరన్‌కి కూడా వినబడనంత మెల్లగా అడిగాడు.